ఎలుకల సాయంతో బోదకాలు మందు తెచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు గారు



ఈ నెల మహనీయుల జీవితాలు అనే శీర్షిక నాకు వచ్చింది. గాంధీ గారు, అంబేద్కర్ గారు, అల్లూరి సీతారామరాజు గారి గురించి మన గోడ మీద చాలాసార్లు వచ్చింది. అందుకని నేను ఇంకొకాయన గురించి రాస్తున్నాను. ఈయన మన తెలుగాయనే. భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పారు. తర్వాత అమెరికా వెళ్ళి పెద్ద శాస్త్రవేత్త అయ్యారు. ఈయన నడిపిన ప్రయోగశాలలోనే బోదకాలుకి మందు దొరికింది. ఆ మందు మొదట మింగింది మనుషులు కాదు, ఎలుకలు. ఆ సంగతంతా రాయాలంటే ఒక్క చార్టు చాలదు. టీచరు గారు నాకు మూడు చార్టులు ఇచ్చారు. నిలబడి చదవాలి కాబట్టి కాళ్ళు నొప్పి పుడితే సగం ఇవాళ, సగం రేపు చదవండి.

బోదకాలు అంటే ఏమిటి?

ముందు జబ్బు గురించి చెప్తాను. అది తెలీకపోతే ఈయన గొప్ప ఏమిటో తెలీదు.

మా తాతకి ఒక తమ్ముడు ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు కూలి కోసం కొండ దిగి గోదావరి పల్లపు ఊళ్ళకి వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి ఆయన ఎడమ కాలు రోలంత అయింది. కొండ ఎక్కలేడు, పోడు పనికి రాలేడు. మనుషుల్లోకి వస్తే అందరూ కాలునే చూస్తారని గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. ఎవరో ఏదో చేశారని, తొక్కరానిది తొక్కాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు. దోమ వల్ల అని ఒక్కరికీ తెలీదు. ఆయన ఇప్పుడు లేడు.

బోదకాలు ఒక పురుగు వల్ల వస్తుంది. దాని పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. ఆడపురుగు దారంలా సన్నగా ఉండి 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మన ఒంట్లో రక్తనాళాలు ఉన్నట్టే శోషరస నాళాలు కూడా ఉంటాయి. ఈ పురుగులు ఆ నాళాల్లో కాపురం పెడతాయి. ఒక్కో పురుగు ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. బతికినన్నాళ్ళూ లక్షల కొద్దీ పిల్ల పురుగుల్ని కంటుంది. ఆ పిల్ల పురుగులు కంటికి కనపడవు. వాటిని మైక్రోఫైలేరియా అంటారు. అవి పగలు లోపలి అవయవాల్లో దాక్కుని, రాత్రి అయితే పై రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే. దోమ రక్తం పీల్చినప్పుడు పిల్ల పురుగు దోమలోకి పోతుంది. అక్కడ పది పన్నెండు రోజులు పెరిగి, ఆ దోమ ఇంకొకరిని కుట్టినప్పుడు వాళ్ళ ఒంట్లోకి చేరుతుంది. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి 8 గంటల తర్వాత ఊళ్ళోకి వచ్చి వేలు గుచ్చి రక్తం తీస్తారు. రాత్రిపూట రక్తం ఎందుకు తీస్తున్నారని జనం భయపడతారు గానీ, పగలు తీస్తే పురుగు దొరకదు.

1872లో కలకత్తాలో లూయిస్ అనే డాక్టరు మనిషి రక్తంలో ఈ పిల్ల పురుగుల్ని చూశారు. 1877లో చైనాలో మాన్సన్ అనే డాక్టరు ఇవి దోమలోకి వెళ్ళి పెరుగుతాయని చూశారు. జబ్బు ఎలా వస్తుందో తెలిసింది. కానీ మంచి మందు దొరకడానికి ఇంకో 70 ఏళ్ళు పట్టింది.

రెండుసార్లు తప్పిన పిల్లవాడు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రికి జబ్బు చేసి ఉద్యోగం మానుకున్నారు. ఇంట్లో డబ్బుకి చాలా ఇబ్బంది. సుబ్బారావు గారికి చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. మెట్రిక్ ఒకసారి తప్పారు. రెండోసారి కూడా తప్పారు. తండ్రి చనిపోయారు. అయినా తల్లి వదల్లేదు. వెంకమ్మ గారు పట్టుబట్టి ఆయన్ని మద్రాసు పంపారు. అక్కడ హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి పాసయ్యారు.

ఇక్కడ నాకొక మాట చెప్పాలని ఉంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అమ్మకి అక్షరాలు రావు, కానీ సెలవులు అయిపోయిన రోజున నన్ను బస్సు ఎక్కించేదాకా కదలదు. మనలో చాలామంది ఇళ్ళల్లో అంతే. పరీక్ష తప్పితే ఇంటికి తీసుకుపోయి పెళ్ళి చేసేస్తారని మన హాస్టల్లో పిల్లలకి భయం. తప్పిన పిల్లని మళ్ళీ పంపే అమ్మ ఉంటే ఆ పిల్ల ఏదైనా కావచ్చు. వెంకమ్మ గారు రెండోసారితో ఆపేసి ఉంటే ఈ చార్టు మీద రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మద్రాసులో చదువు, ఖద్దరు చొక్కా

తర్వాత ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. సన్యాసం తీసుకుని రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు గానీ తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయవచ్చని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919 మే 10న శేషగిరి గారితో పెళ్ళి అయింది. చదువుకి మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు సాయం చేశారు.

అప్పుడు స్వాతంత్ర్య పోరాటం జరుగుతోంది. గాంధీ గారి పిలుపు విని ఈయన ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు బట్టలే వేసుకున్నారు. సర్జరీ నేర్పే ఇంగ్లీషు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ గారికి అది నచ్చలేదు. చివరికి ఈయనకి ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ ఇచ్చారు. దానితో ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చూస్తే ఉద్యోగం రాలేదు. మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణం పాఠం చెప్పారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. అన్నదమ్ములు ఇద్దరు, పురుషోత్తం గారు, కృష్ణమూర్తి గారు, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అని పేగుల జబ్బు. తిన్నది ఒంటపట్టదు, మనిషి చిక్కి రక్తం లేక పోతాడు. దానికి అప్పుడు మందు లేదు. తను డాక్టరు అయ్యి కూడా సొంతవాళ్ళని కాపాడలేకపోయారు. మందు లేని జబ్బులకి మందు వెతకాలని ఆయన మనసులో గట్టిగా పడింది.

అమెరికాలో

అమెరికా వెళ్ళడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు కూడా డబ్బు పోగుచేశారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ఉష్ణదేశ వైద్య పాఠశాలలో డిప్లొమా చదివారు. చేతిలో డబ్బు లేక రాత్రిళ్ళు ఒక ఆస్పత్రిలో పనిచేశారు. రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని అది. డాక్టరు చదివినాయన ఆ పని చేశారు, సిగ్గుపడలేదు.

తర్వాత ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కండరంలో కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ గారు కూడా కనుగొన్నారు. పదో తరగతి అక్కల జీవశాస్త్రం పుస్తకంలో ఏటీపీ అని ఉంటుంది కదా, అదే ఇది. మనం పరిగెత్తినా, నీళ్ళ బిందె ఎత్తినా శక్తి దాని నుంచే వస్తుంది. అంత చేసినా హార్వర్డ్‌లో ఈయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. అక్కడ పరిశోధన అంతటికీ పెద్ద అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తహీనతకీ, అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకీ అదే మందు. మనకి బడిలో వారానికి ఒకసారి నీలం రంగు మాత్ర ఇస్తారు చూడండి, దానిలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

పత్తి ఎలుకలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు సమోవా వంటి పసిఫిక్ దీవుల్లో ఉన్నారు. అక్కడి దోమలు కుట్టి వేలమందికి ఫైలేరియా పట్టుకుంది. అంతకుముందు ఇది పేద దేశాల జబ్బు. మన గోదావరి డెల్టాలో ఎప్పటినుంచో ఉన్నా దాని మందు కోసం కంపెనీలు పెద్దగా వెతకలేదు. తమ సైనికులకి వచ్చేసరికి అమెరికాలో గట్టిగా వెతకడం మొదలైంది. అప్పటిదాకా యాంటిమొనీ, ఆర్సెనిక్ కలిసిన సూదిమందులు వాడేవాళ్ళు. అవి విషం లాంటివి. పురుగుతో పాటు మనిషికీ ప్రమాదమే.

సుబ్బారావు గారు ఈ పని ఎత్తుకున్నారు. కానీ కొత్త మందుని తిన్నగా మనిషికి ఇచ్చి చూడకూడదు. మనిషి పురుగు మామూలు ఎలుకలో బతకదు. మరి ఎలా? అమెరికా దక్షిణాన గడ్డి మైదానాల్లో, చేలల్లో ఒక ఎలుక ఉంది. దాన్ని పత్తి ఎలుక అంటారు. దానికి సహజంగానే దాని సొంత ఫైలేరియా పురుగు ఉంటుంది. ఆ పురుగు ఎలుక ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీలో బతుకుతుంది, దాని పిల్లలు రక్తంలో తిరుగుతాయి. దోమకి బదులు ఎలుక ఒంటి మీద ఉండే చాలా చిన్న నల్లి లాంటి పురుగు దాన్ని ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకి చేరుస్తుంది. అంటే మన జబ్బుకి అది అన్నదమ్ముల జబ్బు. పురుగు వేరు, పద్ధతి ఒకటే.

ఒక్కరు చేసిన పని కాదు ఇది. కుష్నర్ గారి వంటి రసాయన శాస్త్రవేత్తలు కొత్త కొత్త పదార్థాలు తయారుచేశారు. హ్యూయిట్ గారు, ఆయనతో ఉన్నవాళ్ళు వాటిని ఎలుకలకి ఇచ్చి చూశారు. ఏది వెతకాలి, ఎటు పోవాలి అని నడిపించింది సుబ్బారావు గారు. మా ఊళ్ళో ఒకరి పోడు నరకడానికి అందరూ వెళ్తారు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఒక పెద్దమనిషి చూస్తాడు. అలా అన్నమాట.

వాళ్ళు చేసిన పద్ధతి ఇది. జబ్బు ఉన్న ఎలుక నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిలో పిల్ల పురుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. తర్వాత మందు ఇస్తారు. మళ్ళీ రక్తం తీసి లెక్కపెడతారు. మందు ఇవ్వని ఎలుకలు కూడా కొన్ని పక్కన ఉంటాయి. వాటిని కూడా లెక్కపెడతారు. రెండూ పోల్చకపోతే పురుగులు మందు వల్ల తగ్గాయో, వాటంతటవే తగ్గాయో తెలీదు. ఎలుకకి మందు పడిందా, నీరసించిందా అని కూడా చూస్తారు. ఒక పదార్థం పనిచేయకపోతే ఇంకోటి. ఇలా వందల పదార్థాలు చూశారు. చాలావరకు పనికిరాలేదు. పనిచేసిన దాని పేరు డైఇథైల్‌కార్బమజైన్. పొడుగు పేరు కాబట్టి డీఈసీ అంటారు. కంపెనీ దానికి హెట్రజాన్ అని పేరు పెట్టింది. ఎలుకలకి ఇచ్చాక రక్తంలో పిల్ల పురుగులు చాలా త్వరగా తగ్గిపోయాయి. గుండెలో పురుగులు ఉండే కుక్కలకీ ఇచ్చి చూశారు, వాటి రక్తంలో కూడా తగ్గాయి. సూది అక్కర్లేదు, నోటితో మింగితే చాలు. ఈ ఫలితాలు 1947లో అచ్చయ్యాయి. అదే ఏడాది పోర్టోరికో దీవిలో ఫైలేరియా ఉన్న మనుషులకి ఇచ్చిన ఫలితాలు కూడా వచ్చాయి. మనుషుల్లోనూ పనిచేసింది.

గాజు పలక మీద చావని పురుగు

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది ఇది. ఈ మందుని గాజు పాత్రలో పిల్ల పురుగుల మీద పోస్తే అవి చావవు. హాయిగా మెలికలు తిరుగుతూనే ఉంటాయి. అదే మందు బతికున్న ఎలుక లోపలికి వెళ్తే పురుగులు మాయమైపోతాయి. ఎందుకు?

దీన్ని ఇంగ్లండులో ఫ్రాంక్ హాకింగ్ అనే డాక్టరు పత్తి ఎలుకల్లోనే పరిశీలించారు. చక్రాల కుర్చీలో కూర్చుని విశ్వం గురించి పరిశోధించిన స్టీఫెన్ హాకింగ్ గారి తండ్రే ఈయన. మందు పడ్డాక పిల్ల పురుగులు రక్తం నుంచి కాలేయంలోకి చేరి అక్కడ చిక్కుకుంటున్నాయి. అక్కడ ఒంటి కాపలా కణాలు వాటిని చుట్టుముట్టి తినేస్తున్నాయి. అంటే మందు ఒక్కటే చంపడం లేదు. మందు దొంగని చూపిస్తే ఒళ్ళు పట్టుకుంటోంది.

సుబ్బారావు గారి బృందం గాజు పాత్రలో మాత్రమే చూసి ఉంటే ఈ మందుని పనికిరాదని పారేసేవాళ్ళు. బతికున్న ప్రాణిలో చూశారు కాబట్టే దొరికింది.

దానికోసం చాలా ఎలుకలు చచ్చిపోయాయి. పెద్ద పురుగులు చచ్చాయో లేదో చూడాలంటే ఎలుకని కోసి చూడాలి. మా అవ్వ కోడిని కోసే ముందు దాని నోట్లో రెండు చుక్కల నీళ్ళు పోస్తుంది. తినడానికి అయినా ప్రాణం ప్రాణమే అని ఆమె మనసులో ఉంటుందనుకుంటాను. మన దేశంలో 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద ఉన్న సంఘం ప్రయోగశాలల్లో జంతువుల మీద చేసే ప్రయోగాలను చూస్తుంది. అవసరం లేకుండా ఒక్క ఎలుకని కూడా బాధపెట్టకూడదు. ఆ పత్తి ఎలుకలకి ఎవరూ పేర్లు పెట్టలేదు, కానీ వాటి రుణం మనకి ఉంది.

టీకా దొరికిందా?

ఇంకా దొరకలేదు. మనుషుల ఫైలేరియాకి గానీ, ఏలికపాములకి గానీ, కొంకి పురుగులకి గానీ వాడుకలోకి వచ్చిన టీకా ఒక్కటీ లేదు. పురుగు చాలా తెలివైనది. ఏళ్ళ తరబడి లోపల బతకాలి కాబట్టి ఒంటి కాపలాని నిద్రపుచ్చడం దానికి తెలుసు.

కానీ ప్రయత్నం జరుగుతోంది. అప్పటి పత్తి ఎలుకల పురుగునే ఇప్పుడు తెల్ల చిట్టెలుకల్లో పెంచి చూస్తున్నారు. ఆ పిల్ల పురుగులకి కిరణాలు తగిలించి బలం తగ్గించి చిట్టెలుకకి ఎక్కిస్తారు. అవి పెరగలేవు, కానీ ఒళ్ళు వాటిని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత బలమైన పురుగుల్ని ఎక్కించినా చాలావరకు చచ్చిపోతాయి. ఈ దారిలోనే 1959లో బ్రిటన్‌లో దూడల ఊపిరితిత్తుల పురుగుకి టీకా వచ్చింది. 2014లో ఆస్ట్రేలియాలో గొర్రెల కడుపులో రక్తం పీల్చే పురుగుకి వేరే రకం టీకా అనుమతి పొందింది. దూడలకి, గొర్రెలకి వచ్చింది, మనకి ఇంకా రాలేదు. ఎవరో ఒకరు కనిపెట్టాలి. ఆ ఒకరు మన బడి నుంచి ఎందుకు కాకూడదు?

ఆయన తిరిగి రాలేదు

1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. ఆ ఏడాదే ఆయన ఆధ్వర్యంలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికి వచ్చింది. పిల్లల రక్తపు కాన్సర్‌కి ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో డాక్టర్ ఫార్బర్ గారు చేసిన చికిత్స ఫలితాలు కూడా ఆ ఏడాదే అచ్చయ్యాయి. ఇన్ని చేసినా ఆయనకి నోబెల్ బహుమతి రాలేదు. బతికున్నప్పుడు మన దేశంలో పెద్దగా ఎవరికీ తెలీదు. ఆయన పుట్టి 100 ఏళ్ళు అయిన 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

పుస్తకాల్లో శేషగిరి గారి గురించి రెండు మూడు వాక్యాలే ఉంటాయి. కొన్నేళ్ళలో వస్తానని వెళ్ళిన భర్త మళ్ళీ రాలేదు. పుట్టిన కొడుకు పసివాడుగానే చనిపోయాడు. ఆమె తండ్రి ఇచ్చిన డబ్బుతో ఆయన వెళ్ళారు. ఆయన పేరు చెప్పినప్పుడు ఆమె పేరు కూడా చెప్పాలని నాకనిపించింది. గొప్పవాళ్ళ జీవితంలో కూడా ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఎదురుచూస్తూ ఉండిపోతారు. దాన్ని దాచిపెట్టి రాస్తే సగమే రాసినట్టు.

మందు మాత్రం మన దేశం వచ్చింది. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో అందరికీ ఒకే రోజుల్లో డీఈసీ మాత్రలు మింగించడం మొదలుపెట్టారు. మన గోదావరి జిల్లాలు కూడా వాటిలో ఉన్నాయి. తర్వాత దానితో పాటు ఆల్బెండజోల్ కలిపారు. చైనాలో ఉప్పులో డీఈసీ కలిపి కూడా జనానికి ఇచ్చారు. 2007లో ఆ దేశం బోదకాలు సమస్య నుంచి బయటపడింది. మన పక్కనే ఉన్న శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో బయటపడ్డాయి. మనం ఇంకా పడలేదు.

మనం చేయాల్సింది

డీఈసీ మాత్రలు 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకి ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి రెండు, 15 దాటినవాళ్ళకి మూడు ఇస్తారు. ఒక్కో మాత్ర 100 మిల్లీగ్రాములు. రెండేళ్ళ లోపు పిల్లలకి, గర్భిణీలకి, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకి ఇవ్వరు. అన్నం తిన్నాక, ఇచ్చినవాళ్ళ ఎదుటే మింగాలి. మన బడిలో ఫిబ్రవరిలోను, ఆగస్టులోను ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్. దాన్ని నమిలి మింగాలి. అది కూడా ముందు గొర్రెలకి, పశువులకి వాడిన మందే.

కొందరు మాత్రని నాలుక కింద పెట్టుకుని, బయటికి వెళ్ళి పంపు దగ్గర ఉమ్మేస్తున్నారు. ఎవరికో జ్వరం వచ్చింది, ఎవరికో కళ్ళు తిరిగాయి, పిల్లలు పుట్టరు అని మాటలు వస్తున్నాయి. పిల్లలు పుట్టరు అనేది అబద్ధం. డీఈసీ మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. అది నిజమే. లోపల పిల్ల పురుగులు చస్తున్నప్పుడు ఒళ్ళు అలా చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అంటే ఆ జ్వరం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. ఎక్కువగా ఉంటే నర్సమ్మకి చెప్పాలి గానీ, వచ్చే ఏడాది మాత్ర మానకూడదు. పెద్ద పురుగులు అన్నీ ఒక్కసారికి చావవు. కాబట్టి ఏటా మింగాలి. రక్తంలో పిల్ల పురుగులు లేకపోతే దోమ కుట్టినా ఇంకొకరికి మోసుకెళ్ళడానికి ఏమీ ఉండదు. ఒక్కరు ఉమ్మేసినా దోమకి దారి దొరుకుతుంది.

వాచిపోయిన కాలుని ఈ మాత్ర మళ్ళీ మామూలుగా చేయలేదు. అలాంటివాళ్ళు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకుని, కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకుంటే మంట, జ్వరం తగ్గుతాయి. మా చిన్నతాతకి ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. మీ ఇళ్ళ దగ్గర అలాంటివాళ్ళు ఉంటే సెలవులకి వెళ్ళినప్పుడు మీరు చెప్పండి. చదువురాని మన అమ్మానాన్నలకి ఈ చార్టు చదివి వినిపించాల్సింది మనమే. ఇంటి చుట్టూ మురుగు నిలవకుండా చూడండి, దోమతెరలో పడుకోండి.

సుబ్బారావు గారు మూడోసారి పాసయ్యారు. ఆయన మందు వందల పదార్థాలు ఓడిపోయాక దొరికింది. కాబట్టి ఈసారి లెక్కల్లో తప్పినవాళ్ళు ఏడవకుండా మళ్ళీ రాయండి.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని
9వ తరగతి